పాదాలు కనబడే కిటికీ

మా రొట్టెల దుకాణం వీధి కింద ఉంటుంది.
కిటికీలోంచి మనుషులు కనబడరు,
బూట్లు కనబడతాయి.
వేడి షోతీ కావాలంటే
త్బిలిసీలో ఎంతటివాడైనా
నా ముందు నడుం వంచాల్సిందే.

ఇరవై ఆరేళ్లు నేనూ వంగాను.
తోనె అంటే ఛాతీ ఎత్తు మట్టిజాడీ, అడుగున నిప్పులు.
దాని నోట్లోకి తలా భుజాలూ దించి,
గోడకి పిండి చరిచి,
కనుబొమలు కమిలేలోగా పైకి లేవాలి.
రోజుకి నాలుగొందల సార్లు.
ఆ లెక్క డాక్టరుది.
నేను బస్తాలే లెక్కపెట్టుకున్నాను.

తీరా పోయింది పొయ్యి దగ్గర కాదు.
ఫిబ్రవరిలో ఒక పొద్దున
ఎడమ సాక్సు కోసం వంగి
తుమ్మాను.
అంతే.
ఎతేరి వచ్చేసరికి చెక్కనేల మీద వెల్లకిలా పడి,
బల్ల అడుగున మావాడు చిన్నప్పుడెప్పుడో అంటించిన
చూయింగ్ గమ్ వైపు చూస్తున్నాను.

అయిదో పూస కింద గుజ్జు బయటికి పొంగిందన్నారు,
మూత సరిగా పెట్టని తొట్టిలో పిండిలాగ.
అది నాకు తెలిసిన సంగతే.
తెలియనిది నరం.
పిరుదులో బయల్దేరి, తొడ వెనక సందులు తిరిగి,
పిక్క పక్కగా దిగి, చిటికెనవేలి దగ్గర మకాం.
ఒకనాడు జివ్వుమంటుంది. ఒకనాడు కారం రాసినట్టు.
ఒక్కో రాత్రి ఎవరో తడిసాక్సు తొడిగి
విప్పడం మరిచిపోయినట్టు.
పదికి ఎంత, అని డాక్టరు అడుగుతాడు.
రొట్టె ఎంత వేడి అని
ఎవరూ నన్ను అంకెల్లో అడగలేదు.

పైవాటా లమారా చాచా సీసా తెచ్చింది.
సగం నడుముకి, సగం నీకు, అంది.
రెండో సగం పనిచేసింది.

కసరత్తు నేర్పే నెస్తాన్ చిన్నపిల్ల, నవ్వదు.
నరం రోజుకో మిల్లీమీటరే కోలుకుంటుంది,
తొందరపెడితే అలుగుతుంది, అంది.
ఎతేరి బట్టలు కుట్టే టేపుతో
నడుం నుంచి చిటికెనవేలి దాకా కొలిచాం.
తొమ్మిదివందల ఎనభై.
లెక్క వేయకు, అంది ఎతేరి.
వేశాను.

మొదట గుమ్మం దాకా నడక. తర్వాత మందులషాపు.
మే నెలాఖరుకి వంతెన దాకా వెళ్లి
కమ్మీ పట్టుకుని నిలబడ్డాను,
ఊరికి కొత్తగా వచ్చినవాడిలా నీళ్లు చూస్తూ.
నిజానికి చూస్తున్నది వెనక్కి వెళ్లాల్సిన దూరం.

శరత్కాలంలో మళ్లీ స్కాన్ తీశారు.
గుజ్జు వెనక్కి తగ్గింది, నరం మీద ఒత్తిడి లేదు.
డాక్టరు నాకన్నా సంబరపడ్డాడు.
నొప్పికి మాత్రం ఆ కబురు అందలేదు.
బాకీ తీరిపోయిందని తెలిసీ
అలవాటు కొద్దీ వీధిలో నిలబడే వడ్డీవ్యాపారిలా
సాయంత్రమయ్యేసరికి వస్తుంది.
తలుపు కొట్టదు.
ఉన్నానని దగ్గుతుంది.

ఇప్పుడు తోనెలోకి ఉచా దిగుతున్నాడు.
పందొమ్మిదేళ్ల వీపు, విల్లులా వంగుతుంది.
వాడు వంగినప్పుడల్లా నా కాలు ఉలిక్కిపడుతుంది.
మోకాళ్లురా, మోకాళ్లు వంచు, అంటాను.
సరే మామా, అంటాడు.
వంచడు.
వాడి రొట్టెల కొనలు ఇంకా మొద్దుగానే ఉన్నాయి.

నేను కిటికీ దగ్గర. డబ్బులు తీసుకుంటాను,
బూట్లు చూస్తాను.
మునుపు చూసింది తోలు, బురద, ఎవరు ఉన్నవాళ్లు, ఎవరు లేనివాళ్లు.
ఇప్పుడు ఎవరు బరువు ఏ కాలి మీద వేశారో చూస్తాను.

నిన్న ఒక జత గోధుమరంగు బూట్లు ఆగాయి.
కుడిది నేల మీద గట్టిగా.
ఎడమది ఆనీ ఆనకుండా, నిప్పు తొక్కినట్టు.
పైనుంచి చిన్న మూలుగు, వంగబోయి ఆగినది.
నాకు తెలుసు ఆ మూలుగు.
ఉండమ్మా, అన్నాను. వంగకు.
రొట్టె కాగితంలో చుట్టి మెట్లెక్కాను.
ఏడు మెట్లు. రెండుచోట్ల ఆగాను,
రెండోచోట కాస్త ఎక్కువసేపు.

ఆవిడ రొట్టె అందుకుని, వేలితో నొక్కి చూసి,
చల్లారిపోయిందయ్యా, అని తిట్టింది.